మంగళవారం మాటల బల్ల

ముసలాయన గుడ్డసంచిలోంచి చెంచా తీసి కేతో ముందు పెట్టాడు. ఇదేమిటన్నట్టు కనుబొమలెగరేశాడు.

"కుచీయో" అంది కేతో.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

స్పానిష్‌లో కుచీయో అంటే కత్తి. కేతో నాలుక కరుచుకుంది. బుర్రలో వెతుక్కుంది. అరనిమిషం పట్టింది. "కుచారా!"

"కు... చా... రా" అన్నాడాయన, ఒక్కో ముక్కా ఒత్తి పలుకుతూ. మళ్ళీ ఇంకోసారి.

చేపల పడవలో పనిచేసే సెనెగల్ మనిషి ఉస్సేనూ పక్క బల్ల నుంచి పకపకా నవ్వాడు.

"అక్కా, ఇవాళ చెంచా దాకా వచ్చావు. వచ్చేవారం గిన్నె. ఈ లెక్కన వచ్చే ఏడాదికి భోంచేస్తావు!"

కేతోకి ఒళ్ళు మండింది.

జార్జియా దేశంలో పదకొండేళ్ళు నర్సుగా చేసిన మనిషి ఆమె. స్పెయిన్‌కొచ్చి, హిహోన్ ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతుకుతోంది. భాష పరీక్ష గట్టెక్కితేగాని మళ్ళీ నర్సు కోటు తొడుక్కునే వీల్లేదు. పరీక్ష మార్చిలో.

వలస వచ్చినవాళ్ళకు సాయపడే ఆఫీసులో ఒక కాగితం చేతిలో పెట్టారు. పెద్దల బడిలో ఉచిత తరగతులున్నాయి గాని, సీటు కోసం ఆర్నెల్లు ఆగాలి. ఫోన్లో భాష నేర్పే యాప్ వేసుకుంటే అది ఎంతకీ "ఏనుగు పాలు తాగుతోంది" దగ్గరే తిరుగుతోంది. ఇక మిగిలింది లైబ్రరీలో మంగళవారం సాయంత్రాల మాటల బల్ల. ఊరివాళ్ళొకరు, పైదేశంవాళ్ళొకరు ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి.

కబుర్లట! ఆమెకు దొరికింది ఈ సెల్సో. నోరు విప్పి నాలుగు మాటలు చెప్పడు. అక్టోబరు నుంచీ ఇదే తంతు. సంచిలోంచి గరిట తీస్తాడు, జల్లెడ తీస్తాడు, మూత తీస్తాడు. ఆమె దాని పేరు చెప్పేదాకా కదలడు. చెప్పాక, చెవిటిదానికి చెప్పినట్టు దాన్నే సాగదీసి అంటాడు.

లైబ్రరీలో ఈ బల్లల పని చూసే కోవి దగ్గరికి వెళ్ళింది.

"నన్ను వేరేవాళ్ళ దగ్గర కూర్చోబెట్టు కోవీ. ఆ ముసలాయన నన్ను చంటిపిల్లని చేసి ఆడిస్తున్నాడు."

కోవి ఏదో చెప్పబోయి ఆగింది. "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టరాదూ? నొచ్చుకుంటారు."

డిసెంబరులో ఓ మంగళవారం, బయట జోరున వాన. సెల్సో బట్టల క్లిప్పు తీశాడు. కేతో గబుక్కున చెప్పేసింది. ఆయన దాన్నే నాలుగుసార్లు అన్నాడు. అయిదోసారి మొదలెట్టాడు.

కేతో లేచి నిలబడింది.

"నేనేం పలకా బలపం పట్టుకొచ్చిన పిల్లని కాదండీ. నాకు పరీక్ష ఉంది. మీకు పొద్దుపోకపోతే ఇంకెవరినైనా చూసుకోండి."

సెల్సో నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

పొగరు, అనుకుంది కేతో. పైదేశందానితో మాట్లాడేదేమిటని.

ఆయన క్లిప్పు సంచిలో వేసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా సర్ది, వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం నుంచి ఆమెకు ఒక రిటైరైన బ్యాంకు మేడమ్ దొరికింది. ఆవిడ ఊపిరి తీసుకోకుండా మాట్లాడేది. కేతో "సి, సి" అని అవునవునంటూ తలూపేది. గదిలో ఆ చివర సెల్సో రెండు వారాలు ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాడు. ఆ తర్వాత రాలేదు.

మార్చి వచ్చింది. పరీక్షలో ఒక బొమ్మ ఇచ్చి, ఏం జరిగిందో చెప్పమన్నారు. వంటగదిలో ఒక అవ్వ జారిపడింది. సామానంతా చెల్లాచెదురు.

కేతో నోరు తెరిచింది. బ్యాంకు మేడమ్ చెప్పిన వెయ్యి మాటల్లో ఒక్కటీ రాలేదు. వచ్చినవన్నీ సెల్సో మాటలు. ఆ సాగదీసిన గొంతుతోనే వచ్చాయి. గరిట ఎక్కడ పడిందో, మూత ఎలా దొర్లిందో, అవ్వ ఏ తడి గుడ్డ మీద కాలేసిందో, అన్నీ చెప్పింది. అవ్వని ఎలా లేపాలో కూడా చెప్పింది.

గట్టెక్కింది.

ఫలితం వచ్చిన వారమే తేనె, అక్రోట్లు కలిపి తమ ఊరి మిఠాయి చేసి లైబ్రరీకి పట్టుకెళ్ళింది.

"సెల్సో గారి ఇల్లెక్కడ కోవీ? క్షమించమని అడగాలి."

కోవి ముఖం వాడిపోయింది. "జనవరిలో పోయారు కేతో. నిద్రలోనే."

కేతో డబ్బా బల్ల మీద పెట్టేసింది. "అంత మంచి మాస్టారిని ఎంత మాట అన్నాను!"

"మాస్టారా?"

కోవి ఆమె పక్కన కూర్చుంది.

"ఆయన రేవులో క్రేను నడిపిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ బాగుపడ్డాయి, మాట బాగుపడలేదు. వస్తువు ఎదురుగా ఉన్నా పేరు గుర్తొచ్చేది కాదు. జాలి పడతారని, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది వాళ్ళమ్మాయి."

అలాంటి రోగులను కేతో ఎంతమందిని చూసింది! తన భాషలో అయితే రెండు నిమిషాల్లో పట్టేసేది. పరాయి భాషలో ఆ తడబాటంతా తనకోసమేననుకుంది.

"ఇంట్లోవాళ్ళు ఆయన నోరు తెరవకముందే మాట అందించేసేవాళ్ళట" అంది కోవి. "ఇక్కడికొచ్చిన మొదటిరోజు, ఒక్క మాట కోసం తనలాగే అంతసేపు వెతుక్కుంటున్న నిన్ను చూసి, వేలుపెట్టి చూపించి, ఎంతో తడుముకుని, 'నా పంతులమ్మ' అన్నారు."