పెద్ద ఇంజన్

“పిల్లి ఆట ఇక్కడేనా అండీ?”

గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి అన్న ముక్కు చిట్లించాడు.

మాసిన చొక్కా. తెగిపోతే పిన్నీసు పెట్టుకున్న చెప్పు. చేతిలో అద్దం పగిలిన పాత ఫోను.

“ఇక్కడే. రండి బాబాయ్‌గారూ,” అంది చెల్లెలు.

ఆ గదిలో పనిచేసేది వాళ్లిద్దరే. అన్న ప్రోగ్రాం రాస్తాడు, చెల్లెలు బొమ్మలు గీస్తుంది. వానలో తడవకుండా వీధి దాటే పిల్లి, వాళ్లు తయారుచేస్తున్న వీడియో ఆట. దానికోసం ఆమె స్కూల్లో డ్రాయింగు టీచరు ఉద్యోగం మానేసింది.

ఇంకో నెలన్నరలో ఆటల పోటీ. నెగ్గితే పిల్లి జనంలోకి వెళుతుంది. లేకపోతే గది ఖాళీ చేసి ఆమె మళ్లీ సుద్దముక్క పట్టుకోవాలి. పోటీవాళ్ల షరతు ఒక్కటే. ఆట మామూలు ఫోన్లలో నడవాలి.

ఇక తేలాల్సింది గేమ్ ఇంజన్ సంగతి. పిల్లి నడకా, వాన చినుకూ, చప్పుడూ అన్నిటినీ లోపలినుంచి నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ఒకటి పెద్ద కంపెనీది, సినిమాల్లాంటి ఆటలన్నీ దాంట్లోనే చేస్తారు. రెండోది చిన్నది, ఎవరో నలుగురు సరదాపడి చేసి ఉచితంగా వదిలేశారు. రెండింట్లోనూ ఒకే వీధిని తయారుచేసి, ‘ఆడి చూసి చెప్పండి, టీ ఇస్తాం’ అని మెట్ల దగ్గర కాగితం అంటించారు.

నిజానికి అన్న ఎప్పుడో పెద్దదేనని తేల్చేసుకున్నాడు. కాగితం అంటించింది, చిన్నది చాలనే చెల్లెలి నోరు మూయించడానికే.

“ఇదిగో పెద్దాయనా, మా కంప్యూటర్లో ఆడు.”

“నా ఫోన్లోకి ఎక్కించండి బాబూ. పోటీలో ఆడేది ఫోన్లోనే కదా?”

చెల్లెలు ఎక్కించింది.

పెద్ద ఇంజన్ ఆట తెరుచుకోవడానికే నిమిషం పట్టింది. పిల్లి నాలుగడుగులు వేసి బిగుసుకుపోయింది. ఫోను వేడెక్కింది.

చిన్నదాంట్లో పిల్లి తోక ఊపుకుంటూ వీధి దాటేసింది.

“చిన్నదే తీసుకోండి,” అన్నాడాయన. “పెద్దది మంచిది కాదని కాదు. వందమంది ఉన్న చోట దాన్ని మేపగలరు. ఇద్దరే ఉంటే అది మిమ్మల్ని తినేస్తుంది.”

“నీది డొక్కు ఫోను. దానికి ఆటేం చేస్తుంది? మా పిల్లి ఒంటిమీద ఒక్కో వెంట్రుకా విడివిడిగా కదులుతుంది, చూశావా?”

“గోరంత పిల్లికి వెంట్రుకలెవరు చూస్తారు బాబూ?”

చెల్లెలు కిసుక్కున నవ్వింది. అదే కొంప ముంచింది.

“అసలా ఇంజన్ గురించి నీకేం తెలుసు? జన్మలో ఒక్కసారైనా తెరిచి చూశావా?”

“చూశాను. చాలా ఏళ్లయింది.”

“చూశాడట! టీ ఊరికే ఇస్తామంటే చాలు, ప్రతివాడూ ఇంజనీరే.”

ఆయన టీ ముట్టలేదు. అలాగని లేచిపోనూ లేదు.

“నాకిప్పుడు పనేం లేదమ్మా,” అన్నాడు చెల్లెలితో. “రెండు వారాలు రోజూ వచ్చి కూర్చుంటాను. ఆట మొత్తం చిన్నదాంట్లోకి మార్చి ఇస్తాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు. ఆ పెద్దదాన్ని మాత్రం తీసుకోకండి, మీకు పుణ్యముంటుంది.”

“ముందు నువ్వా కుర్చీలోంచి లే!”

ఆయన లేచి వెళ్లిపోయాడు.

అన్న తడిగుడ్డ తెచ్చి ఆ కుర్చీని రెండుసార్లు తుడిచాడు. తన కీబోర్డు సందుల్లో వారం నాటి చిప్స్ తుంపులూ, కిటికీలో బూజు పట్టిన నాలుగు టీ కప్పులూ ఆ మహానుభావుడికి ఏనాడూ కనబడలేదు. చెప్పుకోవడానికే రోతగా ఉంది.

“అంత మాటనాలా అన్నయ్యా? ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది?”

“నీకు తెలీదు, ఊరుకో.”

ఆమె ఊరుకుంది.

పోటీ దాకా ఆ నెలన్నరా పెద్ద ఇంజన్‌తో కుస్తీ పట్టారు. వెంట్రుకలు తగ్గిస్తే వాన ఆగిపోయింది. వానను బాగుచేస్తే పిల్లి మాయమైంది. అన్న మాత్రం సినిమా డైరెక్టర్‌లా కాలు మీద కాలేసుకుని, “ఆ మెరుపు చూడవే, ఆ మెరుపు!” అంటూనే ఉన్నాడు. ఒక్కసారైనా ఫోన్లో ఆడి చూడలేదు. వెంట్రుకలు ఫోన్లో కనబడవు మరి.

పోటీవాళ్ల జవాబు ఒక్క ముక్కలో వచ్చింది.

‘మీ ఆట మా ఫోన్లలో నడవలేదు.’

చెల్లెలు రంగులన్నీ అట్టపెట్టెలో సర్దుతోంది. అన్న గది అదిరిపోయేలా అరుస్తున్నాడు.

“వెధవలు! ఈ ఇంజన్ మనలాంటి ఇద్దరికి పనికిరాదని ఒక్కడైనా ముందే చెప్పాడా?”

ఆమెకు అసహ్యం వేసింది. ముందు అతన్ని చూసి. ఆ తర్వాత, ఆరోజు ఊరుకున్న తనను తలుచుకుని.

“చెప్పారు,” అంది.

“ఎవరు? ఆ టీ కోసం వచ్చినవాడా? వాడికేం తెలుసు! ఉండు, దీన్ని తయారుచేసినవాడికే రాస్తాను. చెడామడా కడిగేస్తాను.”

కంపెనీ వెబ్‌సైట్లో వెతికి వెతికి ఒక పేజీ తెరిచాడు. పాతికేళ్ల నాటి ఫోటో అది. బల్ల ముందు ఒంటరిగా కూర్చున్న ఒక యువకుడు.

అన్న కుర్చీ ముందుకు లాక్కుని ఫోటోను పెద్దది చేశాడు.

“ఏమైంది?” అంటూ చెల్లెలు వచ్చి వంగి చూసింది. ముఖాలు గీసే చెయ్యి ఆమెది, పోల్చుకోవడానికి క్షణం కూడా పట్టలేదు.

ఫోటో కింద ‘ఈ ఇంజన్‌ను మొదటి అక్షరం నుంచీ రాసినవారు’ అని ఉంది. ఫోటోలో ఉన్నది, దాన్ని తీసుకోకండని బతిమాలిన ఆ పెద్దాయన.