పన్నెండు సెకన్ల ఖాళీ

"ఫోనెత్తి ఉలకవు, పలకవు. పైగా కుయ్యిమని సంగీతం వాయిస్తావు. ముసిల్దాన్నని నీకు ఆటగా ఉందేటి బాబూ?"

మోకాళ్లు పట్టుకుంటూ మేడమెట్లెక్కి వచ్చిన అచ్చియ్యమ్మ గుమ్మంలోనే నిలబడి అడిగింది. చోడవరంలో ఆ ఇల్లు ఆవిడది. మేడమీద ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో తిమోతి అద్దెకుంటున్నాడు.

తిమోతి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేశాడు. ఈ వారంలో ఈ గోల వినడం పదకొండోసారి. అతనికి ఒళ్లు మండిపోయింది.

"నేను ఫోనెత్తలేదు మామ్మా. అది కాలర్ ట్యూను."

"ఎత్తకపోతే రింగు రావాల గదా?"

"రింగు బదులు నేను కట్టిన సంగీతం పెట్టుకున్నాను."

"మరి సంగీతం ఆగిపోయిందేటి? ఆగిందంటే ఎత్తినట్టే గదా."

"ఆగలేదు. మధ్యలో పన్నెండు సెకన్లు ఖాళీ వదిలేను. కావాలనే."

ఒక చెయ్యి కుట్టకుండా జాకెట్టు ఇచ్చిన టైలర్ని చూసినట్టు చూసింది అచ్చియ్యమ్మ. "సర్లే, నీ ఖాళీ నీదగ్గరే ఉంచు. నేనొచ్చిందెందుకంటే..."

"ఆగు మామ్మా. నువ్వైనా ఇది అర్థం చేసుకోవాల."

తిమోతి కంప్యూటర్ మీద చేసేది మనసుకి విశ్రాంతినిచ్చే సంగీతం. అందులో తాళం ఉండదు, డోలు ఉండదు. ఒక స్వరం వస్తుంది, మెల్లగా కరిగిపోతుంది, తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనిచోటే అసలు హాయి అని అతని నమ్మకం. వైజాగులో ఒక ధ్యానకేంద్రం వాళ్లు ఇలాంటివి ఇరవై కావాలన్నారు. నెలాఖరులోగా ఇచ్చేయాలి. ఆ ఖాళీ ఎక్కడ చాలిందో, ఎక్కడ ఎక్కువైందో చెవికి తెలియాలంటే చుట్టూ చడీచప్పుడూ ఉండకూడదు. పక్కగదిలో ఎవరూ లేరనే ఈ మేడమీద చేరాడు. ఈ నిశ్శబ్దం పోతే పని పోయినట్టే.

ఇంత ముచ్చటపడి వదిలిన ఖాళీని జనం బతకనివ్వడం లేదు. రోలుగుంట నుంచి తల్లి కృపామణి ఫోన్ చేసింది. ఆ పన్నెండు సెకన్లలోనే మేనమామ కాలు విరిగిన సంగతి చెప్పుకుని గొల్లుమంది. ఆవిడ ఏడుపు అందుకునేసరికి ఇటునుంచి వీణమీటినట్టు తియ్యగా సంగీతం మొదలైంది. ఆవిడ ఇప్పటికీ కొడుకుతో మాట్లాడటం లేదు.

"నీ ఫోనిలా ఇయ్యి" అని తిమోతి అచ్చియ్యమ్మ బటన్ల ఫోన్ అందుకుని తన నంబరు నొక్కి ఆవిడ చెవికి ఆనించాడు. తన ఫోన్ బల్లమీద ఎదురుగానే ఉంది. "సూడు, నేను ముట్టుకోలేదు. ఏటి వినపడతంది?"

"కుయ్యిమంటంది."

"ఇప్పుడు?"

"ఆగింది." మరుక్షణం అచ్చియ్యమ్మ గొంతు పెంచింది. "ఆఁ, బాబూ, తిన్నావా?"

"మామ్మా, నేను నీ ఎదురుగా ఉన్నాను."

"అలవాటు బాబూ. సప్పుడు ఆగితే మాటాడాల గదా."

తిమోతి తల పట్టుకున్నాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాడు. చప్పుడు మీద చప్పుడు పోస్తే మనిషి అలిసిపోతాడని చెప్పాడు. ఊపిరి తీశాక వదలడానికి ముందు రవ్వంత ఆగుతామే, అలాంటిదన్నాడు.

"బాగుంది. అది సరే గాని, కింద..."

"ఆగు మామ్మా, అయిపోవచ్చింది."

"పోనీ ఓ పని సెయ్యి. ఆ ఖాళీలో 'ఇంకా ఎత్తలేదు, ఇది ఖాళీ' అని ఎవరిసేతైనా సెప్పించు."

"ఇది ఖాళీ అని సెప్పిస్తే అది ఖాళీ ఎలాగవుద్ది?" తిమోతి గొంతు కీచుమంది. "వారం నుంచి సెప్పి సెప్పి నా నోరు పడిపోతంది. ఎవులికీ ఓపిక లేదు. పన్నెండు సెకన్లు ఊరుకోలేరా?"

"నువ్వు ఊరుకుంటే గదా బాబూ, నేను..."

"ఒక్క ముక్క గుర్తుపెట్టుకో. సప్పుడు ఆగినా నేను ఎత్తినట్టు కాదు. నేను 'హలో' అన్నాకే ఎత్తినట్టు. అంతవరకూ నువ్వు ఏటి సెప్పినా నాకు ఇనపడదు. తెలిసిందా?"

అచ్చియ్యమ్మ నోట్లో నోట్లోనే ఆ మాట రెండుసార్లు అనుకుంది. "హలో అన్నాకే ఎత్తినట్టు. అంతవరకూ ఇనపడదు." తల ఆడించింది. "ఇప్పుడు తెలిసింది బాబూ."

తిమోతికి ప్రాణం లేచొచ్చింది. వారం రోజులకి ఒక్క మనిషైనా అర్థం చేసుకుంది. ఆవిడకి కుర్చీ లాగి వేసి, మంచినీళ్లిచ్చి, మొదటిసారి నవ్వాడు.

ఆవిడ మాత్రం నవ్వలేదు. గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని పక్కగది వైపు ఒకసారి చూసింది.

"అయితే మొన్న మంగళవారం నువ్వు ఫోనెత్తలేదన్నమాట."

"లేదు మామ్మా."

"నేనడిగింది ఇనలేదన్నమాట."

"లేదంటన్నాను గదా. ఏటడిగేవు?"

"పక్కగది బేండుమేళమోళ్లకి ఇచ్చేస్తన్నాను, నీకు కష్టమైతే ఇప్పుడే సెప్పీ అన్నాను బాబూ, నువ్వు కాదనలేదు సరికదా సంతోషంగా సంగీతం కూడా వాయించేవు, అంచేత డోళ్లు ఆటోలోంచి దింపతన్నారు, ఓ సెయ్యేస్తావని పిలవడానికొచ్చేను."