మా వాడు గీసినవి

చంద్రమోహన్ తన లాప్‌టాప్‌ను తెల్లటి గుడ్డలో పట్టుచీర చుట్టినట్టు చుట్టి తెచ్చాడు.

బల్ల మీద పెట్టి జాగ్రత్తగా ముడి విప్పాడు.

"ఆన్ అయితాది పాపా. కంపెనీ బొమ్మ వస్తాది. అంతలోకే నీలం తెర వచ్చి ఆరిపోతాది. మళ్లీ ఆన్ అయితాది, మళ్లీ ఆరిపోతాది. పొద్దున్నుంచి ఇదే వరస."

అతను నన్ను గుర్తుపట్టలేదు. నేను మాత్రం అతను మెట్ల మీద దగ్గినప్పుడే గుర్తుపట్టాను.

ధర్మవరంలో పెద్ద పట్టుచీరల కొట్టు అతనిది. మా నాయన అతని దగ్గర ఇరవై ఏళ్లు మగ్గం నేశాడు. నేయడమే కాదు, అంచులకూ కొంగులకూ డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ పెన్సిల్‌తో నింపుతూ, అన్నం చల్లారిపోయినా లేచేవాడు కాదు.

నేను పదో తరగతిలో ఉండగా చంద్రమోహన్ ఆ కాగితాలన్నీ పట్టుకుపోయాడు. కంప్యూటర్లోకి ఎక్కించి నెలలో తిరిగిస్తానన్నాడు. రెండు ట్రంకు పెట్టెల నిండా కాగితాలు.

నెల తర్వాత నాయన వెళ్లి అడిగితే, నలుగురు నేతగాళ్ల ముందు, "ఏం కాగితాలప్పా? కలగానీ కన్నావా?" అన్నాడు.

నాయన మళ్లీ పెన్సిల్ పట్టలేదు. ఇప్పుడు వేరేవాళ్ల మగ్గం మీద వేరేవాళ్ల డిజైన్లు నేస్తున్నాడు.

ఇది జరిగి తొమ్మిదేళ్లు. అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర మేడ మీద ఈ రిపేరు షాపు పెట్టుకున్నాను, పేరూ తెచ్చుకున్నాను. అయినా ఈ మనిషి గుర్తొస్తే చాలు, కడుపు మండిపోతుంది.

"రేపు బెంగళూర్లో ఎగ్జిబిషన్. మా వానికి డిజైనర్ అని సన్మానం చేస్తాండారు. డిజైన్లన్నీ దీంట్లోనే ఉండాయి. ఎట్లనన్నా బాగు చెయ్ పాపా."

"మీ అబ్బాయి రాలేదా సార్?"

"కింద కార్లో పాటలు వింటాండాడు."

"డిజైన్లు ఇంకెక్కడన్నా దాచిపెట్టినారా?"

"యాడా లేవు. ఇంకొకరి చేతికి పోతే కాపీ కొట్టరా? కాలం మంచిది గాదు పాపా."

నవ్వు కనిపించకుండా వంగి స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాను.

అడుగున మూత విప్పి ర్యామ్ ముక్కను బయటికి లాగాను. దాని అంచున బంగారు రంగు పళ్లకు నలుపు పట్టి ఉంది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఊది, మళ్లీ బిగించాను.

ఈసారి నీలం తెర రాలేదు. ఇంతే దాని రోగం.

"వచ్చిందా?" అన్నాడు, టీ గ్లాసుతో బెంచీ మీద నుంచే.

"ఫైళ్లు సరిగ్గా ఉండాయో లేదో చూడాల సార్. కూర్చోండి."

డిజైన్ల ఫోల్డరు తెరిచాను. నాలుగు వందల పన్నెండు ఉన్నాయి.

మొదటిది హంసల అంచు. హంస కంట్లో ఒక గడి ఖాళీగా ఉంది. నాయన ఏ పక్షిని గీసినా కంట్లో ఒక గడి నింపకుండా వదిలేవాడు. చీర మీదికి ఎక్కినాక అదే కన్ను తెరుస్తాదిలే అనేవాడు.

చిలకలు, నెమళ్లు, గండభేరుండాలు. అన్నిటి కళ్లూ అంతే. ఇంట్లో దీపం ముందు వంగిన నాయన వీపు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మింగేశాను.

"ఇవి కాగితాల మీద గీసినవి గదా సార్. ఆ కాగితాలుండాయా?"

"అవెందుకింక? గోడౌన్లో అడ్డమైతాండాయని ఉగాదికి ముందు కాల్చేయించినా."



అయినా అతనికి ఒక అవకాశం ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. నాయన పెంపకం వల్లేమో.

"ఎవరు సార్ ఇంత బాగా గీసింది?"

"ఇంకెవరు? మా వాడే."

"పాతకాలం చెయ్యి మాదిరి ఉండాది. పెద్దాయన ఎవరన్నా..."

"ఏ పెద్దాయనా లేడు పాపా. వానికి పుట్టుకతో వచ్చిన కళ."

ఫైళ్లన్నీ ఎంచుకున్నాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాంట్లో నెమలి కోడిపెట్టలా ఉంది. కన్ను నిండా నల్లగా ఉంది.

కాపీ కొట్టలేదు. కట్ చేశాను.

అవన్నీ నా పెన్‌డ్రైవ్‌లోకి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మధ్యలో కరెంటు ఎక్కడ పోతుందోనని ఒకటే గుబులు. అతను కొడుకు గొప్పలు చెబుతూనే ఉన్నాడు. నేను ఊకొడుతూనే ఉన్నాను.

చివరి ఫైలు కూడా వచ్చాక పెన్‌డ్రైవ్ లాగి జేబులో వేసుకున్నాను. లాప్‌టాప్ అతనివైపు తిప్పాను.

"చల్లగుండు తల్లీ!" అన్నాడు వెలుగుతున్న తెర చూసి.

ఫోల్డరు తెరిచాడు. మూసి, మళ్లీ తెరిచాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఒకటే కనిపిస్తాండాది. తక్కినవి యాడ?"

"మీ వాడు గీసింది అదొక్కటే సార్."

 నా మొహంలోకి తేరిపార చూశాడు.

"ఎవరి బిడ్డవు నువ్వు?"

నాయన పేరు చెప్పాను. నిదానంగా, ఇంటిపేరుతో సహా.