తమ్ముడి కాలు

"కాలు తీసేయండి డాక్టర్‌గారూ. అది మాత్రం నా ఒంట్లో పెట్టొద్దు."

మంచం చుట్టూ ఉన్న ముగ్గురూ కొయ్యబారిపోయారు. అమ్మ చేతిలోని నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఎముకల డాక్టర్ తను విన్నది నిజమేనా అన్నట్టు అక్క వైపు చూశాడు.

లారీ చక్రం కింద పడి తమ్ముడి ఎడమకాలి ఎముక మోకాలి కింద బెత్తెడు మేర పిండి అయిపోయింది. ఆ ఖాళీలో అమర్చడానికి అక్క ప్రయోగశాలలో తయారుచేసిన దిమ్మె సిద్ధంగా ఉంది. చూడ్డానికి సుద్దముక్కలా తెల్లగా, ఒళ్లంతా సన్నటి చిల్లులతో ఉంటుంది. ఆ చిల్లుల్లోకి ఒంట్లోని కణాలు పాకి ఎముకను కట్టుకుంటూ పోతాయి. ఎముక గట్టిపడేకొద్దీ దిమ్మె తనంతట తనే కరిగిపోతుంది. మనుషులకు వాడుకోవచ్చని అనుమతి కూడా వచ్చేసింది. మొదటి మనిషి తమ్ముడే.

"మతి ఉండే మాట్లాడుతున్నావా?" అంది అమ్మ. "అక్క తిండీ నిద్రా మానుకుని చేసిందిరా! కాలు పోతే రేపు నీ బతుకేం కాను?"

"ఒంటికాలితో బతుకుతాను. వద్దంటే వద్దు."

అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. పరాయివాళ్లు కాదంటే సర్దుకునేది. తోడబుట్టినవాడు, అదీ తన దగ్గరే పనిచేసేవాడు! ప్రయోగశాల కింద షెడ్డులో, దిమ్మె పెట్టి పరీక్షించే మేకలకు మేత వేసి, కట్లు మార్చి, ఎక్స్‌రేలు తీసి పైఅంతస్తుకు పంపేది అతనే.

"నా మీద కోపమా?" అంది అక్క.

"ఛ, అదేం లేదక్కా."

"భయమా? మత్తిస్తారు. నొప్పే తెలీదు."

"అదీ కాదు."

"మరేంట్రా నీ బాధ? అన్ని మేకలకి పెట్టాం. ఒక్కటంటే ఒక్కటి కుంటిందా? ఇంకెవరన్నా అనుమానపడాలి గానీ, దగ్గరుండి చూసిన నువ్వా?"

"ఆ మేకలకున్న బుద్ధి కూడా వీడికి లేదు," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

తమ్ముడు గోడవైపు తిరిగాడు. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి.

"ఆపరేషన్ గది సిద్ధంగా ఉంది," అన్నాడు డాక్టర్ ఇబ్బందిగా. "ఏదో ఒకటి ఇప్పుడే తేల్చండి."

అక్క మంచం అంచున కూర్చుని తమ్ముడి తల నిమిరింది. "నా మాట విను నాన్నా. ఏం జరిగినా పూచీ నాది. నా కోసం ఒప్పుకోరా."

ఆ మాటతో అతను బావురుమన్నాడు. ఇటు తిరిగి ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"నీ కోసమే చేశానక్కా! నువ్వు కుంగిపోతావని... నీకు చెప్పడానికి నోరు రాక..."

"ఏం చేశావు?"

"మనం దిమ్మె పెట్టిన మేకల్లో ఒక్కటి కూడా బతకలేదు. చచ్చినప్పుడల్లా సంతకెళ్లి అలాంటిదాన్నే కొనుక్కొచ్చి, చెవికి అదే నంబరు తగిలించి కట్టేశాను. నువ్వు చూసిన ఎక్స్‌రేలన్నీ కత్తే తగలని కాళ్లవక్కా!"