గిరజాల ఊలు

"మళ్ళీ కుట్టు జారింది. విప్పు," అంది మా అత్త సైమె, టీ గ్లాసు కింద పెట్టకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. తన కొడుకు నన్నొదిలేసి ఇంకొకతెతో అంకారాకు చెక్కేస్తే, ఈవిడొచ్చి నాకు అల్లిక నేర్పుతుందట! అదీ గిరజాలు తిరిగిపోయిన బూడిదరంగు ఊలుతో. సూది మీద ఒక్క కుట్టూ తిన్నగా నిలవదు.

"కొత్త ఊలు తేవచ్చుగా అత్తయ్యా? మన ఎర్జురుం ఊళ్ళో ఊలుకు కరువొచ్చిందా?"

"నేర్చుకునేదానివి, నీకిది చాలు."

ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దుమాన్ తలుపు దగ్గరికి పరుగెత్తింది. వాడు వదిలేసిపోయిన కుక్క అది. ఎవరు మెట్లెక్కినా వాడే అనుకుంటుంది. అడుగులు పైఅంతస్తుకు వెళ్ళిపోయాయి. దుమాన్ తోక దించుకుని తిరిగొచ్చి, నా ఒళ్ళో ఉన్న ఊలు ఉండను లాక్కుపోయింది.

"వదలరా వెధవా!" సూదులు విసిరికొట్టాను. "చూశారా, అచ్చం మీ అబ్బాయి పోలికే!"

దుమాన్ వదల్లేదు. ఉండను ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని, అందులో ముక్కు దూర్చి సన్నగా మూలగసాగింది.

ఊలు ఉండకేసి, దాని గిరజాలకేసి చూశాను. "ఇది... మీ అబ్బాయి స్వెటరా?"

అత్త గ్లాసును ఠపీమని బల్ల మీద పెట్టింది.

"మా ఇంట్లో ఉన్న స్వెటరు పంపమని ఫోన్ చేశాడు. అంకారాలో చలిగా ఉందట, మహారాజుకి! నేను అల్లిందే కదా, నా చేత్తోనే విప్పేశాను."

వంగి సూదులు ఏరి నా చేతిలో పెట్టింది.

"దుమాన్‌కి వాడి పోలికెక్కడిది? ఇది గడప వదిలిపోలేదు. ఊఁ కానీ, అల్లు. దీనికే తొడుగుదాం."