నవ్వితే పోయినట్టే

"నవ్వితే పోయినట్టే! మాట్లాడినా పోయినట్టే!" అని నెమెసియో గొంతు సవరించుకున్నాడు. "నేనింకా మొదలెట్టలేదురా. కావాలంటే ఇప్పుడే నవ్వేసుకో."

చాపెల్లో జనం గొల్లున నవ్వారు. బలిపీఠం ముందు నల్లగౌనులో ఉన్న కసిమీరో కళ్ళు కూడా తెరవలేదు.

సుక్రేలోని ఆ చిన్న విశ్వవిద్యాలయంలో, జెస్యూట్ పాదిరీల తొలి రోజుల్లో, డాక్టరు టోపీ ఊరికే పెట్టేవారు కాదు. ముందు అభ్యర్థి స్నేహితుడొకడు నిండు సభలో లేచి, అతని లోపాలన్నీ ఏకరువు పెట్టి వెక్కిరించేవాడు. దాన్ని 'వెహామెన్' అనేవారు. పెదవి కదపకుండా భరిస్తేనే టోపీ. చదువు తలకెక్కినా పొగరు తలకెక్కకూడదని. స్పెయిన్ రాజు పాదిరీలను వెళ్ళగొట్టాడు. తరవాత పాదిరీలు తిరిగొచ్చారు, ఆచారం రాలేదు. కసిమీరో సగం జీవితం పెట్టి దాన్ని తవ్వి తీశాడు. తన పట్టా ఆ పద్ధతిలోనే కావాలని పట్టు పట్టాడు. తీరా చిచా అనే మొక్కజొన్న కల్లు అమ్మే కొట్టులో సాధన చేసినప్పుడల్లా, నెమెసియో నోరు తెరవకముందే నవ్వి ఓడిపోయేవాడు.

"వీడిది పరిశోధన అంటారు," అని నెమెసియో అందుకున్నాడు. "'పరి' సంగతి దేవుడికే తెలియాలి. శోధన మాత్రం వాళ్ళావిడది!"

"నన్నడుగు చెబుతా," అంది ముందు వరసలోంచి యులోహియా. "పెళ్ళిలో కూడా ఇంత కుదురుగా లేడు ఈ మనిషి."

"పుస్తకం నిండా పాదసూచికలే, ముందుకు ఒక్క పాదం పడదు! 'చిచాకి వస్తున్నా'నని మా అందరికీ టోపీ పెట్టి, పాతకాగితాల గదిలో దూరేవాడు. అందుకే ఇవాళ ఫాదర్ గారు వీడికి టోపీ పెడుతున్నారు! దీన్ని డాక్టరేటు అనకండయ్యా, డాక్టర్-లేటు అనండి!"

ఈసారి నవ్వులు సగంలోనే ఆగాయి.

నెమెసియో వెళ్ళి స్నేహితుడి ముఖంలో ముఖం పెట్టాడు. "ఏరా, మూతి బిగించావా? దీనికంటే చచ్చు జోకులకే కుర్చీలోంచి పడ్డావు కదరా!"

నెమెసియో ఇంకాస్త కిందికి వంగాడు.

"టోపీ ఎవడిక్కావాలిరా? ఓడిపో. ఒక్కసారి నవ్వి ఓడిపో."

"చాలు నెమెసియో," అన్నాడు రెక్టరు ఫాదర్ లిసాండ్రో. "గెలిచాడు."

"వీడికి గెలవడం చేతకాదు ఫాదర్! ఇంకొక్కటి... ఇంకొక్కటి చెప్పనివ్వండి."

యులోహియా లేచి అతని చెయ్యి పట్టుకుంది. "వదిలెయ్ అన్నయ్యా. టోపీ పెట్టనీ."

ఫాదర్ లాటిన్లో ప్రకటన చదివి, నల్లటోపీని కసిమీరో తలకు సర్దాడు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు నెమెసియో.

తరవాత శవపేటిక మూత వేశారు.