సెలవు చీటీ లేని సిపాయి

“అవోల్ అంటే ఏంటక్కా? పొద్దున్నుంచీ అదే గొణుగుతున్నావ్,” కుట్టుమిషను ఆపి అడిగింది షాపులో కొత్తగా చేరిన పిల్ల.

“సైన్యం మాటలే. సెలవడక్కుండా శిబిరం దాటిపోయిన సిపాయిని ఇంగ్లీషులో అలా అంటారట. ఇప్పుడు మామూలు జనం మీదా వాడేస్తున్నారు. ఉండాల్సిన చోట లేకుండా, చెప్పాపెట్టకుండా మాయమైతే చాలు, అవోల్.”

“బావగారు నేర్పారా?”

“ఆఁ. ట్యూషను ఎగ్గొట్టే కుర్రాళ్ళని అలాగే తిడతారు మాస్టారు. ఇప్పుడు తనే మొదలెట్టారు. నిన్న కూర రెండుసార్లు వేడిచేశాను. మనిషి లేడు, ఫోను లేదు.”

“పనేదో పడుంటుందిలే.”

“పనా? మొన్న చొక్కా గుండీ చూశాను. నీలం చొక్కాకి తెల్లదారం! ఊడితే నా దగ్గరికే తెచ్చేవారు. ఇప్పుడు ఆవిడ కుడుతోంది.”

పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుంది. “ఎవరో తెలుసా నీకు?”

“తెలియకేం. ఆవిడతో ఇక మాటల్లేవని ఒట్టు కూడా వేశారు.”

“ఒకరి మొగుణ్ణి వల్లో వేసుకునేవాళ్ళకి సిగ్గుండాలక్కా! వెళ్ళి కడిగెయ్. నోరు మూసుకుంటే నెత్తికెక్కుతారు.”

ఆమె దారం కొరికి లేచింది.

ట్యూషను వదిలాక ఆయన వెనకే నడిచింది. ఆయన దారిలో ద్రాక్షపళ్ళు కొన్నారు. తన దగ్గరికైతే ఎప్పుడూ వట్టి చేతులే. ఓ సందులోకి తిరిగి, మేడమెట్లెక్కి, తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళిపోయారు. కిటికీలోంచి ఆవిడ కనబడింది. సంచీ అందుకుంటూ ఏదో అంది. ఆయన నవ్వారు. అంత తీరిగ్గా ఆయన నవ్వగా ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇవాళ అటో ఇటో తేలిపోవాలి. ఆయన తనకు కావాలి, అంతే. మెట్లెక్కి తలుపు దబదబా బాదింది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఎవరు కావాలమ్మా?” అంది మర్యాదగా. వెనక ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆమె ఒక మెట్టు కిందికి దిగింది.

ఆవిడ మాస్టారి పెళ్ళాం.